నెలనెలా తలంతా రంగెందుకు?

రంగు వేసుకున్న జుట్టు గరుకెక్కిపోతోందని, చివర్లు చిట్లిపోతున్నాయని ఎవరైనా వాపోతే మొదట అడగాల్సింది ఏ షాంపూ వాడుతున్నారని కాదు, రంగు ఎక్కడిదాకా వేస్తున్నారని. ఈ ప్రశ్న అడిగేవాళ్లు నాకింతవరకు తగల్లేదు. పార్లర్‌లో అడగరు, షాపులో అడగరు, వీడియోలు పెట్టేవాళ్లయితే అసలే అడగరు. అందరూ నేరుగా సీసాల మీదకి వెళ్లిపోతారు. సల్ఫేట్ లేని షాంపూ, ఆర్గాన్ సీరం, కెరాటిన్ మాస్క్, వారానికోసారి ఇది, పదిహేను రోజులకోసారి అది. నేననేది ఏంటంటే, ఆ సీసాల్లో ఒకటో రెండో తప్ప మిగతావి లేకపోయినా జరిగిపోతుంది. మన ఇళ్లల్లో జుట్టు పాడయ్యేది చాలావరకు రంగు వేసుకునే రోజునే, అద్దం ముందు, మన చేతులతోనే.

ఒక చిన్న లెక్క వేద్దాం. తలవెంట్రుక నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు నుంచి 1.25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే అర అంగుళం లోపు. నడుము దాకా జడ ఉన్న ఆవిడ జుట్టు 60 సెంటీమీటర్లు అనుకుంటే, జడ చివర రబ్బరు బ్యాండు కింద వేలాడే ఆ కుచ్చు కుదురులోంచి బయటికొచ్చి కనీసం నాలుగేళ్లు. ఆవిడ నెలకోసారి ప్యాకెట్ కలిపి తలంతా పట్టించేస్తుంటే ఆ చివరి ముక్కకి ఇప్పటికి 48 సార్లు రంగు పడింది. అది నల్లబడింది మొదటిసారే. మిగతా 47 సార్లూ దానికి కొత్తగా దాచాల్సింది ఏమీ లేదు, ఉత్తపుణ్యానికి మందు తిన్నది. తెల్లగా కనబడుతూ మనల్ని టెన్షన్ పెట్టేదల్లా పాపిడి పక్కన, చెంపల దగ్గర కొత్తగా వచ్చిన ఆ అర అంగుళమే కదా? దానికోసం 60 సెంటీమీటర్లనీ శిక్షించి, ఆ తర్వాత చివర్లకి ఏ నూనె రాయమంటారని అడిగితే ఏం చెప్తాం!

రంగు లోపల ఏం చేస్తుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వెంట్రుక పైభాగమంతా సన్నటి పొలుసులు, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదకొకటి ఎక్కి ఉంటాయి. మన అసలు రంగు, అంటే మెలనిన్, ఆ పొలుసుల కింద ఉంటుంది. తలస్నానానికి పోని రంగులన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే. ట్యూబులో అమ్మోనియా లాంటి క్షారం ఒకటి, పారా ఫెనిలీన్ డయమైన్ లాంటి రంగు పదార్థాలు ఉంటాయి. ఈ డయమైన్‌నే అందరూ పీపీడీ అంటారు. ప్యాకెట్‌లో దానితో కలపమని ఇచ్చే డెవలపర్ సీసాలో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్. క్షారం పొలుసుల్ని పైకి లేపుతుంది, చిన్న చిన్న రంగు అణువులు లోపలికి దూరతాయి, పెరాక్సైడ్ తగలగానే అక్కడే ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోయి మళ్లీ బయటికి రాలేక లోపలే ఉండిపోతాయి. పీపీడీ 1863 నుంచే తెలిసినది. యూజీన్ షూలర్ అనే ఫ్రెంచి కెమిస్టు 1907లో ఒక హెయిర్ డై తయారుచేసి, 1909లో పెట్టిన కంపెనీయే ఇవాళ్టి లోరియాల్. ప్యాకింగులు ఎన్నో మారాయి గానీ డబ్బాలోపల జరిగే కెమిస్ట్రీ పెద్దగా మారలేదు.

పొలుసులు లేచి మళ్లీ పడుకుంటాయి, నిజమే. కానీ వాటి మీద పుట్టుకతో వచ్చే పల్చటి కొవ్వు పొర ఒకటి ఉంటుంది, జుట్టుకి నీళ్లు అంటకుండా జారిపోయేలా చేసేది అదే. క్షారమూ పెరాక్సైడూ కలిసి దాన్ని ఊడబెరికేస్తాయి, ఒకసారి పోయాక అది తిరిగి రాదు. కావాలంటే మీరే చూడండి. కుదుళ్ల దగ్గర ఇంకా రంగు తగలని జుట్టు మీద ఒక నీటిచుక్క వేస్తే కాసేపు నిలబడుతుంది, ఏళ్ల తరబడి రంగు తిన్న చివర మీద వేస్తే ఇట్టే ఇంకిపోతుంది. తలస్నానం చేశాక రంగు వేసిన జుట్టు ఆరడానికి ఎక్కువసేపు పట్టేదీ, తడిగా ఉన్నప్పుడు చిక్కులు పడి దువ్వెనకి వచ్చేసేదీ ఇందుకే. ఏ సీరమూ ఆ పొరని మళ్లీ పుట్టించలేదు. దాని బదులు తాత్కాలికంగా ఏదో ఒకటి పూయగలదంతే.

మరి తలంతా వేసే అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? నా అనుమానం, పొదుపు నుంచి. మా ఇంటి దగ్గర పార్లర్ అమ్మాయికి నేను ఎన్నిసార్లు కుదుళ్లకే అని చెప్పినా చివర్లో గిన్నె వంక చూసి, "ఇంత మిగిలిపోయింది మేడమ్, పారబోయడం ఎందుకు, కిందిదాకా లాగేస్తా" అంటుంది. పాపం తన తప్పేం లేదు, మనింట్లోనూ అదే మాట. ప్యాకెట్ వచ్చేదే ఒక తలకి సరిపడా, కలిపాక దాచుకోవడానికి ఉండదు, మిగిలింది సింకులో పోయాలంటే మనకి చేతులు రావు. అలా పది రూపాయల క్రీమ్ మిగల్చబోయి, ఆ పాడైన చివర్లని బాగుచేసుకోవడానికి ఐదొందల మాస్కు కొంటాం.

మొత్తం కలపకపోతే సరి. క్రీమ్ ట్యూబు, డెవలపర్ రెండూ మూతలు ఉన్న రకమైతే ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలో సగం సగం పిండుకుని మిగతాది దేని మూత దానికి బిగించి పక్కన పెట్టుకోవచ్చు. కలిపేసినదాన్ని మాత్రం సీసాలో పోసి మూత పెట్టి దాచకండి, అది పనిచేయదు సరికదా లోపల గ్యాసు పుట్టి సీసా పేలుతుంది కూడా. గిన్నె ప్లాస్టిక్‌దో గాజుదో ఉండాలి, స్టీలు గిన్నెలు వద్దు.

వేసుకునే పద్ధతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అంతా ఇక్కడే ఉంది. ఆ రోజు తలస్నానం చేయకుండా, పొడి జుట్టు మీదే మొదలుపెట్టాలి. మాడు మీద సహజంగా ఉన్న జిడ్డు కొంత కాపు కాస్తుంది. పాత నైటీ వేసుకుని నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక వాజ్‌లైన్ రాసుకోవాలి. ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది. రంగు అక్కర్లేని జుట్టుకి, అంటే ఇదివరకే రంగు ఉన్న పొడవుకి, కాస్త కండిషనరో రెండు చుక్కల కొబ్బరి నూనో పట్టించి ఉంచాలి. రంగు కడిగేటప్పుడు ఆ నీళ్లు కిందికి కారి మళ్లీ చివర్ల మీద పని చేయకుండా అది అడ్డుపడుతుంది. ఇప్పుడు తోక దువ్వెనతో పాపిడి తీసి, బ్రష్షుతో తెల్లగా కనిపిస్తున్నంత మేరకే గీత గీసినట్టు పూయాలి, పక్కనే పావు అంగుళం దూరంలో ఇంకో పాపిడి, మళ్లీ గీత. చెంపల దగ్గరివి మొండివి, రంగు ఒక పట్టాన పట్టదు, కాబట్టి మొదలు అక్కడే పెట్టి అటుతర్వాత నడినెత్తికి రావాలి. తెల్లటి క్రీమ్ కళ్లముందే కోకో రంగుకి, కాసేపట్లో ఊదా కలిసిన నలుపుకి తిరుగుతుంది. అలా తిరగ్గానే పని అయిపోయిందని తొందరపడి కడిగేయకూడదు, అలాగని సీరియల్ అయ్యేదాకా ఉంచుకోనూ కూడదు. ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలంటే అన్ని నిమిషాలు. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ నల్లగా అవుతుందనేది వట్టిమాట, ఆ పైన పడేదంతా మాడు మీదే.

వెనకభాగం మనకి మనం వేసుకోలేం, ఎవరో ఒకరి సాయం కావాల్సిందే. మా ఆయనకి నేర్పించాను, మొదట్లో గోడకి సున్నం కొట్టినంత ధాటిగా కొట్టేవారు గానీ ఇప్పుడు పర్లేదు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "కుదుళ్లు నల్లగా, చివర్లు ఎర్రగా రెండు రంగులు కనిపిస్తాయి కదండీ, అందుకే అంతా వేస్తాం." కనిపిస్తాయి, కాదనను. ఎందుకు ఎర్రబడతాయంటే, పెరాక్సైడ్ మనం పెట్టిన రంగుని పండించడంతో పాటు మన సొంత మెలనిన్‌ని కూడా కొంత తినేస్తుంది. నల్లజుట్టు పలచబడితే కింద బయటపడేది రాగి రంగే. పైన వేసిన రంగు నీళ్లకీ ఎండకీ దిగిపోతున్నకొద్దీ ఆ రాగి రంగు తేలుతుంది. జడ విప్పి చూడండి, ఎండ తగిలే పై పాయలు ఎర్రగా, లోపల దాగిన పాయలు ఇంకా నల్లగా ఉంటాయి. అంటే మళ్లీ పెరాక్సైడ్ పెట్టడమంటే ఎరుపు పుట్టించినదాన్నే ఎరుపు పోగొట్టడానికి వాడటం. చివర్లకి మెరుపు, రంగు కావాలంటే పెరాక్సైడ్ లేని రంగులున్నాయి, కలర్ మాస్కులనీ, సెమీ పర్మనెంట్ అనీ అమ్ముతారు. పైపైన పట్టుకుని కొన్ని తలస్నానాలకి పోతాయి, పోతే పోనీండి, జుట్టుని మాత్రం కోయవు. అది కూడా కుదరదంటే మూడు నాలుగు సార్లకొకసారి, చివరి ఐదు నిమిషాలు మాత్రం కిందికి దువ్వండి. నెలనెలా వద్దు.

ఇంకో మాట, షేడు గురించి. జెట్ బ్లాక్ మనవాళ్లకి ఎందుకంత ఇష్టమో నాకర్థం కాదు. అసలు మన జుట్టు పుట్టుకతోనే అంత నలుపు కాదు, ఎండలో చూస్తే ముదురు గోధుమే. జెట్ బ్లాక్ మీద జెట్ బ్లాక్ పడుతూ పోతే మెరుపు చచ్చి విగ్గు పెట్టుకున్నట్టు తయారవుతుంది, పైగా తెల్లవెంట్రుక పావు అంగుళం వచ్చినా అల్లంత దూరానికి కనబడుతుంది. ఒకటి రెండు మెట్లు దిగి ముదురు బ్రౌన్‌కి వస్తే కుదుళ్ల దగ్గర తేడా అంతగా తెలియదు, మూడు వారాలకి వేసేవాళ్లు ఐదారు వారాలు ఆగగలరు. ఏడాదికి ఎన్ని ప్యాకెట్లు తగ్గుతాయో మీరే చూసుకోండి.

"అమ్మోనియా లేదు" అని పెద్దక్షరాలతో ఉన్న డబ్బాల సంగతి. చాలావాటిలో అమ్మోనియా బదులు మోనోఇథనోలమైన్ అనే ఇంకో క్షారం ఉంటుంది. పొలుసుల్ని లేపే పని దానిదే. వాసన ఉండదు, కళ్లు మండవు, అందువల్ల ఏమీ చేయదేమో అనిపిస్తుంది. అమ్మోనియా ఆవిరైపోతుంది, ఇది ఆవిరవదు, సరిగ్గా కడగకపోతే జుట్టులోనే ఉండిపోతుంది. నాకు వాసన పడదు కాబట్టి నేనూ అదే వాడతాను, కానీ మెత్తనిదని చెప్పి రెండు వారాలకోసారి వేసుకునేవాళ్లని చూస్తే భయమేస్తుంది.

వాసన లేనిదానికే ఇంత నమ్మకం ఉంటే "హెన్నా" అన్న మాటకి ఉన్న నమ్మకం సంగతి చెప్పేదేముంది. గోరింటాకులో ఉండే లాసోన్ అనే పదార్థం జుట్టు ప్రొటీన్‌ని పట్టుకుని ఇచ్చే రంగు ఒక్కటే, నారింజ కలిసిన ఎరుపు. నల్లగా రావాలంటే దాని తర్వాత నీలి ఆకు పొడి విడిగా పెట్టాలి, రెండు విడతల పని, ఆదివారం సగం అయిపోతుంది. నీళ్లు కలిపి అరగంట పెట్టుకుంటే కారునలుపు వచ్చే "నేచురల్ బ్లాక్ హెన్నా" ప్యాకెట్ ఏదైనా ఉంటే దాన్ని వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదవండి. పీపీడీ, బేరియం పెరాక్సైడ్ అని చాలావాటి మీద రాసే ఉంటుంది, దాచలేదు వాళ్లు, మనమే చదవలేదు. బేరియం పెరాక్సైడ్‌కి తడి తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అంటే అదీ మామూలు రంగే, ముందువైపు ఆకు బొమ్మ ఉందంతే. ఇందులో తప్పేమీ లేదు, రంగని తెలిసి వాడితే. హెన్నా కదా, మంచిదే కదా అని తలంతా ముద్దలుగా పట్టించి రెండు గంటలు టవల్ చుట్టుకుని కూర్చుంటేనే ప్రమాదం.

సరే, ఇక నీళ్లు. రంగు పోవడానికి షాంపూలో సల్ఫేట్ కారణమని ఒక పెద్ద ప్రచారం నడుస్తోంది. సల్ఫేట్ ఎక్కువున్న షాంపూ జిడ్డుని గట్టిగా లాగుతుంది, జుట్టు పొడిబారుతుంది, అంతవరకు నిజం. కానీ ఉత్త నీళ్లకి కూడా రంగు దిగుతుంది. జుట్టు తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బినప్పుడు పొలుసుల సందుల్లోంచి రంగు జారుతుంది, నీళ్లు వేడిగా ఉంటే ఇంకా. కాబట్టి ఖరీదైన సల్ఫేట్ ఫ్రీ సీసా కొని రోజూ గీజర్ నీళ్లు తలమీంచి పోసుకునేవాళ్ల కంటే, మామూలు షాంపూతో వారానికి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్లతో కానిచ్చేవాళ్ల రంగే ఎక్కువ రోజులుంటుంది. రంగు వేసిన రెండు మూడు రోజుల దాకా మళ్లీ తలస్నానం పెట్టుకోకపోతే మంచిది. పెళ్లో వ్రతమో ఉంటే రంగు దానికి తగ్గట్టు ముందే చూసుకోండి.

నీళ్లలోనూ తేడా ఉంది. మా అక్క రాజమండ్రిలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే షేడ్, ఇద్దరం ఒకే అమ్మ కూతుళ్లం కాబట్టి జుట్టు తీరూ దాదాపు ఒకటే. తనకి కుళాయిలో గోదావరి, నాకు అపార్ట్‌మెంట్ బోరు. తన జుట్టు చేతికి జారుతుంది, నాది తలస్నానం చేసిన మర్నాడే పొడిగా లేచి నిలబడుతుంది. తాగేనీటిలో కాఠిన్యం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం. బోరు నీళ్లు చాలాచోట్ల ఆ మొదటి హద్దు ఎప్పుడో దాటేశాయి. బకెట్ అంచున, షవర్ రంధ్రాల దగ్గర గట్టిపడే ఆ తెల్లటి పొర కాల్షియం, మెగ్నీషియమే. గీజర్ రిపేరుకి విప్పినప్పుడు కాయిల్ చూడండి, సున్నపు తొడుగు వేసినట్టుంటుంది. అదే మన జుట్టు మీదా కూర్చుంటుంది, పైగా పెరాక్సైడ్ తిన్న జుట్టు మామూలు జుట్టు కంటే కాల్షియాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది.

దీనికి షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్లు అమ్ముతున్నారు. క్లోరిన్ వాసనని తగ్గిస్తాయేమో గానీ కాఠిన్యాన్ని అవి తీయలేవు, దానికి సాల్ట్ పోసే సాఫ్ట్‌నర్ ఉండాలి, అది అపార్ట్‌మెంట్ అంతా కలిసి పెట్టించుకునే వ్యవహారం. అప్పటిదాకా నేను చేసేది, తలస్నానం అంతా బోరు నీళ్లతోనే చేసి ఆఖరి రెండు మగ్గులు మాత్రం ఆర్వో నీళ్లు పోసుకోవడం. ఆర్వో మంచినీళ్లు అని మళ్లీ చెప్తున్నా, పక్క పైపులోంచి వచ్చే వేస్టు నీళ్లు కాదు. మా పక్కింటి పిన్నిగారు వృథా ఎందుకని ఆ వేస్టు నీళ్లు బకెట్‌లో పట్టి తలకి పోసుకుంటున్నారు. వాటిలో ఉప్పులు బోరు నీళ్ల కంటే ఎక్కువుంటాయి, బాత్రూం కడగడానికి తప్ప తలకి పనికిరావు. నెలకోసారి కాల్షియాన్ని పట్టి లాగే ఈడీటీఏ అనే పదార్థం ఉన్న క్లారిఫైయింగ్ షాంపూతో కడిగితే పేరుకున్న కాల్షియం కొంత వదులుతుంది. దాన్ని రంగు వేసుకోబోయే ముందు రోజో రెండ్రోజుల ముందో పెట్టుకుంటే రంగూ సమంగా పడుతుంది, పోయే రంగు ఎలాగూ పోయేదే.

ఒక చెంచా వెనిగర్‌ని మగ్గు నీళ్లలో కలిపి చివర్లో పోసుకోమనే చిట్కా మాత్రం పనికొచ్చేదే. సున్నపు పొరని కొద్దిగా కరిగిస్తుంది, కాస్త పులుపు తగిలితే పొలుసులు అణుగుతాయి. యాపిల్ సైడర్ అని మూడొందలు పెట్టక్కర్లేదు, వంటింట్లో ఉన్న తెల్ల వెనిగర్‌లో ఉన్నదీ అదే ఎసిటిక్ ఆమ్లం. నిమ్మకాయ నేరుగా పిండుకోవడం వేరే సంగతి, అది చాలా గాఢమైన పులుపు, పిండుకుని ఎండలోకి వెళ్తే రంగు ఇంకా తొందరగా పోతుంది. వంటసోడా క్షారం, రంగు వేసిన జుట్టుకి మళ్లీ క్షారం పెట్టడం ఏంటో. కోడిగుడ్డు ప్రొటీన్ అణువులు జుట్టులోకి దూరేంత చిన్నవి కావు, పైన ఎండి కడిగితే పోతుంది, నీళ్లు వేడెక్కువైతే జుట్టులోనే ఉడికి రెండ్రోజులు వాసన. మెంతుల జిగురు, మందారాకు జిగురు పరవాలేదు, చిక్కులు తీయడానికి ఉపయోగపడతాయి, అంతకు మించి ఆశపడకపోతే.

కుంకుడుకాయల మీద రెండు వైపులా అతి ఉంది. మా అమ్మ తరం కుంకుడుతోనే తలంటుకుంటే రంగు పోదంటుంది, పార్లర్ వాళ్లు కుంకుడు తగిలితే రంగంతా పోతుందంటారు. కుంకుడు రసం సబ్బులా క్షారం కాదు, కొద్దిగా ఆమ్లమే, ఆ లెక్కన ఒంటి సబ్బుతో తల రుద్దుకునే మగవాళ్ల కంటే కుంకుడు వాళ్లు నయం. సమస్యల్లా పిప్పితో. వడకట్టకుండా ముక్కలతో సహా తలమీద వేసి రుద్దితే కొవ్వు పొర పోయిన జుట్టుకి ఆ ఒరిపిడి తట్టుకునే శక్తి లేదు. పల్చటి గుడ్డలో వడకట్టి, మాడుకి మాత్రమే రుద్దుకుని, కింద జుట్టుని ఆ నురుగు జారిపోయేటప్పుడు తగిలినంతే తగలనిస్తే చాలు.

నూనె దగ్గర మన అలవాటులో సగం బంగారం, సగం మట్టి. కొబ్బరి నూనె జుట్టులోపలికి నిజంగానే ఇంకుతుంది, మినరల్ ఆయిల్, సన్‌ఫ్లవర్ నూనె అలా ఇంకవు. 2003లో మారికో కంపెనీ పరిశోధకులు ఈ మూడిటినీ పోల్చి, కొబ్బరి నూనె ఒక్కటే జుట్టులోని ప్రొటీన్ నష్టాన్ని తగ్గించిందని ప్రచురించారు. కొబ్బరి నూనె అమ్మే కంపెనీ కదా అనొచ్చు, అనండి, కానీ తలస్నానానికి ముందు రాసిన జుట్టు నీళ్లకి తక్కువ ఉబ్బుతుందన్నది చేత్తో పట్టుకున్నా తెలుస్తుంది. బంగారం అక్కడిదాకా. మట్టి ఎక్కడంటే, గిన్నెడు నూనె మాడునిండా పోసి కారేలా మర్దన చేసి, ఆ జిడ్డు వదలట్లేదని రెండుసార్లు మూడుసార్లు షాంపూ పెట్టి రుద్దడం. కాపాడినదంతా ఆ రెండో షాంపూలో పోతుంది. చెంచాడు నూనె, జడ భాగానికి, ఒక గంట ముందు, ఒకే షాంపూ. అంతకంటే అక్కర్లేదు.

నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన ఒక్క సీసా కండిషనర్. మనిళ్లల్లో దాన్ని ఇంకా సోకు కింద చూస్తారు, షాంపూతో పాటు ఉచితంగా వచ్చిన శాంపిల్ అయిపోయాక మళ్లీ కొనరు. రంగు తిన్న జుట్టు మీద రుణావేశం ఎక్కువ, కండిషనర్‌లో ఉండే పదార్థాలకి ధనావేశం, కాబట్టి ఎక్కడ బాగా పాడైందో అక్కడే ఎక్కువ అంటుకుంటాయి. ఊడిపోయిన కొవ్వు పొర పనిని మళ్లీ తలస్నానం దాకా అవే చేస్తాయి. చెవుల కిందనుంచి మొదలుపెట్టి చివర్లకి రాసి, రెండు నిమిషాలు ఆగి, అది జుట్టు మీద ఉండగానే పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తీసేసుకుంటే తర్వాత తడిజుట్టుతో యుద్ధం ఉండదు. బ్రాండ్ ఏదైనా సరే, "కలర్ ప్రొటెక్ట్" అని రాసి ఉన్నా లేకపోయినా. షాంపూ చవకది కొనుక్కుని ఆ మిగిలింది ఇటు పెట్టండి.

స్ట్రెయిట్‌నర్ గురించి ఎక్కువ చెప్పను. తడి ఆరని జుట్టు మీద పెట్టకండి, 180 డిగ్రీలు దాటించకండి, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక అటక మీద పెట్టేయండి. ఎండకైతే బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ కింద చున్నీనో స్కార్ఫో, జడ కూడా లోపలికి మడిచి. విజయవాడ మే ఎండలో నెల్లాళ్లు తిరిగిన జడ రంగు ఏ షాంపూ పోగొట్టినదానికన్నా ఎక్కువ పోతుంది.

జుట్టు గురించి ఇంత మాట్లాడుకున్నాక చర్మం గురించి మాట్లాడకపోతే తప్పు. జుట్టు పాడైతే కత్తిరించుకోవచ్చు. పీపీడీ పడనివాళ్లకి మాడు దురద, నుదురు కందిపోవడం, కళ్లు మూసుకుపోయేంత వాపు వస్తాయి, ఏళ్ల తరబడి ఏమీ కాకుండా వాడినవాళ్లకి కూడా ఒకరోజు ఉన్నట్టుండి మొదలవ్వొచ్చు. అమెరికాలో చర్మ అలర్జీల డాక్టర్ల సంఘం 2006లో దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. మనవాళ్లలో వాపు లేకుండానే నుదుటి పక్కల, చెంపల మీద, మెడ మీద నల్లమచ్చలు నెమ్మదిగా పరుచుకుంటాయి, మంగు అనుకుని ఏవో క్రీములు రాస్తుంటారు, రంగు మాత్రం మానరు. ప్రతిసారీ వేసుకునే ముందు చెవి వెనకో మోచేతి లోపలో కొంచెం పూసి 24 గంటలు చూడమని ప్యాకెట్ మీదే ఉంటుంది, అది మన నిబంధనల ప్రకారం ఉండి తీరాల్సిన హెచ్చరిక. కనుబొమ్మలకి, రెప్పలకి వాడితే చూపు పోవచ్చని కూడా దాన్లోనే ఉంటుంది. మీసానికి వేసుకున్నాక బ్రష్షు మీద మిగిలిందని కనుబొమ్మలకి అద్దుకునే మగవాళ్లు ఆ వాక్యం ఒకసారి చదవాలి. మళ్లీ అదే పొదుపు! ఒకసారి పడలేదని తేలితే ఇంకో బ్రాండ్ ప్రయత్నిద్దామనుకోకండి, ఎక్కువ వాటిలో ఉండేది అదో, దానికి దగ్గరిదో. చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏది పడదో టెస్ట్ చేయించుకోండి.

మరి అసలు మానేస్తేనో అని అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు, మంచిదే. తిరుమలలో టీటీడీ తలనీలాలని పొడవుని బట్టి రకాలుగా విడదీసి వేలం వేస్తుంది, అందులో తెల్లజుట్టుకి విడిగా ఒక రకం ఉంది. మనం నెలనెలా దాచుకుంటున్నదాన్ని అక్కడ ప్రత్యేకంగా తూచి అమ్ముతున్నారన్నమాట. నేను ఇంకా మానలేదు, నాకు రంగు ఇష్టం, దానికి సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదనుకుంటాను. మానాలనుకునేవాళ్లకి మాత్రం పై లెక్కే మళ్లీ వర్తిస్తుంది. భుజాల దాకా ఉన్న జుట్టయితే పూర్తిగా తెల్లగా బయటపడటానికి రెండేళ్ల పైన, నడుము దాకా అయితే నాలుగేళ్లు. బ్లీచ్ పెట్టి ఒక్కరోజులో నలుపు తీయించేస్తామని పార్లర్లలో అంటారు. ఇన్నేళ్ల నలుపు మీద బ్లీచ్ పడితే ముందు నారింజ రంగొస్తుంది, అది పోవాలంటే మళ్లీ బ్లీచ్, మధ్యలో జుట్టు తెగి చేతికొస్తుంది. దానికన్నా కుదుళ్లకి వేయడం ఆపి, రెండు నెలలకోసారి కింద రెండు మూడు అంగుళాలు తీయించుకుంటూ పోవడం నయం. నడుము దాకా ఉన్న జుట్టు మూడో వంతుకి తగ్గడానికి ఒప్పుకోగలిగితే ఏడాదిన్నరలో పని అయిపోతుంది.